సోవియట్ పతకాలు: అసలు, నకిలీ, సగం అసలు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సోవియట్ సైనిక పతకాల గురించే. కొందరికి ఇంట్లో పాత పెట్టెలో దొరికాయి, కొందరు ఆన్‌లైన్‌లో కొనబోతున్నారు, ఒకరు ఇప్పటికే కొనేసి బాధపడుతున్నారు. అందరికీ ముందుగా ఒక మాట. పతకం ముందువైపు చూసి మురిసిపోయేవాళ్లే ఎక్కువగా మోసపోతారు. చూడాల్సింది వెనకవైపు, అంచు, నంబరు.

ప్ర: మా మేనమామగారు ఓడల మరమ్మతు పనిలో ఉండేవారు. ఆయన పెట్టెలో రష్యన్ అక్షరాలున్న బిళ్లలు చాలా దొరికాయి. వాటిలో సైనిక పతకాలు ఏవో ఎలా తెలుస్తుంది?
– విశాఖపట్నం

జ: మీ ఊళ్లో ఇలాంటి పెట్టెలు చాలా ఇళ్లలో ఉంటాయి. మన నౌకాదళానికి 1960ల చివరి నుంచి సోవియట్ ఓడలు, జలాంతర్గాములు వచ్చాయి. బీచ్ రోడ్డులో మ్యూజియంగా మారిన కుర్సురా జలాంతర్గామి కూడా అక్కడ తయారై 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిందే. అక్కడి నిపుణులు, నావికులు మనవాళ్లకు కానుకగా ఇచ్చినవాటిలో ఎక్కువ భాగం ‘జ్నాచ్కీ’ అనే చిన్న బ్యాడ్జీలే. లెనిన్ బొమ్మలు, ఊళ్ల పేర్లు, ఓడలు, రాకెట్లు ఉండే ఈ బ్యాడ్జీలను దుకాణాల్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎవరికీ బహుమతిగా ప్రకటించినవి కావు.

ముందు అన్నిటినీ వెనక్కి తిప్పి పరవండి. వెనక పిన్ను మాత్రమే ఉండి, చేతిలో పెట్టుకుంటే తేలిగ్గా అనిపించే అల్యూమినియం బిళ్లలు బ్యాడ్జీలు. అయిదు మూలల రేకు మీద 24 మిల్లీమీటర్ల వెడల్పు రిబ్బన్ చుట్టి, దానికి రింగుతో గుండ్రటి బిళ్ల వేలాడుతుంటే అది మెడల్. వెనక మధ్యలో మరచుట్టు కాడ, దానికి గుండ్రటి నట్టు ఉంటే అది ఆర్డర్, అంటే మెడల్ కన్నా పై స్థాయి పురస్కారం, కావచ్చు. కాడ ఉన్నంతమాత్రాన ఆర్డర్ అనుకోకండి. 1942లో మొదలైన, గార్డ్స్ దళాల సైనికులకు ఇచ్చే ‘గ్వార్దియా’ బ్యాడ్జీకీ, విశ్వవిద్యాలయ పట్టా బ్యాడ్జీలకూ అలాంటి కాడే ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు ఆర్డర్ అయితే సాధారణంగా కాడతోపాటు టంకశాల ముద్ర, సీరియల్ నంబరు కూడా ఉంటాయి.

మెడల్స్ గుట్టలో మీకు ఎక్కువగా తగిలేవి వార్షికోత్సవ మెడల్స్. యుద్ధ విజయానికి 20, 30, 40 ఏళ్లు నిండినప్పుడు 1965, 1975, 1985లో వచ్చినవి ఒక వరస. సాయుధ దళాలకు 50, 60, 70 ఏళ్లు నిండిన సందర్భంగా 1967, 1978, 1988లో ఇచ్చినవి ఇంకో వరస. ఇవి అసంఖ్యాకం, నంబర్లుండవు, ధర తక్కువ. కాబట్టి వీటిని నకిలీ చేసి ఎవరికీ పెద్దగా మిగిలేదేమీ లేదు. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు వీటిని ఓ పది దగ్గర పెట్టుకుని భూతద్దంతో చూడడం నేర్చుకోవాలి. టంకశాలలో అచ్చు దెబ్బకు లేచిన అక్షరం ఎంత పదునుగా ఉంటుందో కంటికి అలవాటైతే, పోత పోసిన బిళ్ల ఎదురైనప్పుడు తేడా దానంతటదే తెలుస్తుంది.

ప్ర: ఆన్‌లైన్‌లో ఒకాయన ‘ఆర్డర్ ఆఫ్ ద రెడ్ స్టార్’ అమ్ముతున్నాడు. వెండి, ఒరిజినల్, నంబరు ఉంది అంటున్నాడు. ఏమేం అడగాలి? చేతికొచ్చాక ఏమేం చూడాలి?
– హైదరాబాద్

జ: ఈ ఆర్డర్‌ను 1930 ఏప్రిల్ 6న స్థాపించారు. దాదాపు 38 లక్షల సార్లు ప్రదానం చేశారు. అంటే అసలువి బోలెడన్ని ఉన్నాయి. అయినా నకిలీలు విపరీతంగా వస్తాయి. కారణం, అందరూ మొదట కొనాలనుకునేది దీన్నే.

డబ్బు పంపే ముందు ఆరు ఫొటోలు అడగండి. ముందువైపు ఒకటి, వెనకవైపు నిటారుగా ఒకటి, అంచు ఒకటి, నంబరు దగ్గరగా ఒకటి, నట్టు విడిగా ఒకటి, త్రాసు మీద పెట్టి బరువు కనిపించేలా ఒకటి. అసలుది అమ్మేవాడికి ఇవి తీయడం అయిదు నిమిషాల పని. ‘ఫొటోలు ఉన్నవే ఉన్నాయి, తీసుకుంటే తీసుకోండి’ అంటే తీసుకోకండి.

నక్షత్రం ఎదురెదురు కొసల మధ్య 47 నుంచి 50 మిల్లీమీటర్లు ఉండాలి. బరువు సుమారు 33 గ్రాములు, ఒకటిన్నర గ్రాము అటూఇటూ. అందులో స్వచ్ఛమైన వెండి 27.5 గ్రాముల దాకా ఉంటుంది. అసలుదాన్నుంచి మూస తీసి పోత పోస్తే లోహం చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. అందువల్ల పోత నకిలీ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు చిన్నదవుతుంది. ఇది కంటికి ఆనదు, వెర్నియర్ కాలిపర్స్‌కి దొరుకుతుంది. కొలత 46.5 చూపిస్తే బరువు సరిపోయినా ఒప్పుకోకండి.

తర్వాత పదింతల భూతద్దం తీసుకుని మధ్యలోని డాలును చూడండి. పొడుగు కోటు తొడుక్కుని తుపాకీ పట్టుకున్న సైనికుడు, చుట్టూ ‘సకల దేశాల కార్మికులారా, ఏకం కండి’ అనే రష్యన్ నినాదం, కింద ఎస్.ఎస్.ఎస్.ఆర్. అనే అక్షరాలు (సోవియట్ యూనియన్‌కు రష్యన్ పొట్టిపేరు, చూపుకు CCCP లా ఉంటుంది) ఉంటాయి. అచ్చు కొట్టిన అక్షరం గోడలు నిటారుగా, దాని చుట్టూ నేల నున్నగా ఉంటుంది. పోతలో అక్షరం మూలలు గుండ్రబడి, నేల మీద సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి. సైనికుడి ముఖం ముద్దలా ఉందంటే అరుగుదల అనుకోవడానికి ముందు పక్కనున్న అక్షరాలు చూడండి. ముఖం అరిగి, అంతే ఎత్తున్న అక్షరాలు అరగకపోవడం జరగదు. రెండూ ఒకేలా మెత్తబడి, నక్షత్రం కొసలు మాత్రం పదునుగా ఉంటే అది వాడకం వల్ల వచ్చింది కాదు, మూసలోనే పోయింది.

ఇప్పుడు తిప్పండి. వెనక ‘మొనేత్నీ ద్వోర్’ అని రెండు వరసల్లో టంకశాల ముద్ర ఉంటుంది. మొదటి మాట చివరి అక్షరాన్ని చూడండి. ఇంగ్లిష్ ఎన్‌ను తిరగేసినట్టుండి, దాని నెత్తిన చిన్న వంపు గీత ఉండాలి. రష్యన్ రాని చోట తయారైన నకిలీల్లో ఆ వంపు ఎగిరిపోయి ఉంటుంది, లేదా అక్షరానికి అతుక్కుపోయి ఉంటుంది. అసలువాటిలో ఇది ఒక్క దెబ్బతో పడిన ముద్ర కాబట్టి అక్షరాలన్నీ ఒకే లోతులో ఉంటాయి.

కాడ మొదట్లో టంకం చూడండి. అసలుదానికి అతుకు సన్నగా, చుట్టూ శుభ్రంగా ఉంటుంది. కాడ ఊడిపోయి మళ్లీ అతికించిందయితే, వేడికి మీనా (గాజుపొడి కరిగించి వేసిన రంగుపూత) చిట్లుతుందన్న భయంతో సీసం, తగరం కలిసిన మెత్తని టంకం వాడతారు. అది బూడిదరంగులో ముద్దగా కనిపిస్తుంది. దాన్ని నకిలీ అని కొట్టెయ్యకండి. కానీ ధర తగ్గించి అడిగే హక్కు మీకుంది.

చివరగా నంబరు. ప్రదానాలే 38 లక్షల చిల్లర అయినప్పుడు 52 లక్షల నంబరు ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ చిన్న లెక్క వెయ్యకుండా కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నంబరు చెక్కిన తీరు కూడా ముఖ్యమే. చేత్తో చెక్కుడుకత్తి పట్టి చెక్కితే గీత అడుగు ‘వి’ ఆకారంలో ఉండి, మొదలూ చివరా సన్నబడుతుంది. చిన్న మోటారు పనిముట్టుతో చెక్కితే అడుగు గుండ్రంగా, గీత వణికినట్టు ఉంటుంది. టంకశాలవాళ్లు రెండు పద్ధతులూ వాడారు. కాబట్టి ఒక పద్ధతే అసలుదని సూత్రం పెట్టుకోకుండా, మీ నంబరుకు దగ్గరగా ఉన్న ఒరిజినల్స్ ఫొటోలు నాలుగైదు పక్కన పెట్టి పోల్చండి. ఏడు అంకెకు అడ్డగీత ఉందా, నాలుగు పైన మూసుకుందా తెరుచుకుందా, అంకెల మధ్య దూరం ఎంత అన్నవి అక్కడ తేలతాయి. లేజరుతో వేసిన నంబరు మాత్రం ఎప్పటికీ అసలుది కాదు. భూతద్దంలో వరసగా కాలిన చుక్కలు కనిపిస్తాయి.

ప్ర: ‘సగం అసలు’ అంటే ఏమిటి? పతకం అయితే అసలుది, కాకపోతే నకిలీ. మధ్యలో ఇంకోటి ఎలా ఉంటుంది?
– రాజమహేంద్రవరం

జ: పూర్తి నకిలీ కన్నా ప్రమాదకరమైనది ఇదే. ఎందుకంటే మీరు చేసే బరువు పరీక్ష, కొలత పరీక్ష, మీనా పరీక్ష అన్నీ నెగ్గుతుంది. లోహం నిజంగా టంకశాలదే. మార్చింది కొంత మాత్రమే.

ఎక్కువగా మార్చేది నంబరు. తొలినాళ్ల చిన్న నంబర్లకు ధర ఎక్కువ. ప్రదాన పత్రాలతో జతపడిన పతకానికి ఇంకా ఎక్కువ. అందుకని మామూలు నంబరున్న అసలు పతకం తీసుకుని, దాని నంబరు అరగదీసి, చేతిలో ఉన్న పత్రం మీది నంబరు చెక్కేస్తారు. పట్టుకునే పద్ధతి ఇది. గదిలో దీపాలార్పి, టార్చిలైటును పతకం వెనకభాగానికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పారించండి. అరగదీసిన చోట నీడ పల్లంగా పడుతుంది. చుట్టూ టంకశాల వదిలిన సన్నటి గరుకు ఉండి, నంబరు దగ్గర మాత్రం అద్దంలా నున్నగా ఉంటే అనుమానమే లేదు. మొన సన్నగా ఉన్న కాలిపర్స్‌తో నంబరు దగ్గర మందం, దానికి ఎదురుగా ఉన్న నక్షత్రపు చేయి (కొస) మీద మందం కొలిచి చూడండి. గీతల లోపల ఏముందో కూడా చూడాలి. ఎనభై ఏళ్ల నంబరు గీతలో మురికి, నలుపు పొరలు పొరలుగా పేరుకుంటాయి. గంధకపు మందుతో నల్లబరిచింది ఒకే రంగులో, ఎత్తుల మీద కూడా పరుచుకుని ఉంటుంది. పత్తికి కాస్త స్పిరిట్ అద్ది మెల్లిగా తుడిస్తే కొన్నిసార్లు ఊడొస్తుంది.

ఇంకో రకం, ఒకచోటి బిళ్లను మరొకచోటి రేకుకు తగిలించడం. ‘ధైర్యానికి’ ఇచ్చే ‘జా అత్వాగు’ మెడల్‌ను 1938 అక్టోబరు 17న స్థాపించినప్పుడు చిన్న దీర్ఘచతురస్రపు రేకు, ఎర్ర రిబ్బన్ ఉండేవి. 1943 జూన్‌లో అయిదు మూలల రేకు, అంచుల్లో నీలి చారలున్న బూడిదరంగు రిబ్బన్ వచ్చాయి. తొలి రకానికి ధర ఎక్కువ కాబట్టి తర్వాతి బిళ్లకు కొత్తగా చేసిన ఎర్ర రిబ్బన్ రేకు తగిలిస్తారు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. 1943 తర్వాత చాలామంది సైనికులు తమ పాత మెడల్‌కి తామే కొత్త రేకు వేసుకున్నారు. అంటే పాత బిళ్లకు కొత్త రేకు సహజం, కొత్త బిళ్లకు పాత రేకు అనుమానాస్పదం.

నంబరు దగ్గర ‘డి’కి సరిపడే రష్యన్ అక్షరం కనిపిస్తే కంగారుపడకండి. పతకం పోగొట్టుకున్నవారికి ప్రభుత్వమే ఇచ్చిన డూప్లికేట్‌కి అది గుర్తు.

ప్ర: బంగారంతో చేసిన ‘ఆర్డర్ ఆఫ్ ద పేట్రియాటిక్ వార్’ మొదటి తరగతి అని కొన్నాను. కంసాలి చూసి బంగారు పూత మాత్రమే అన్నాడు. నకిలీ ఇచ్చారా?
– నెల్లూరు

జ: నకిలీ కాకపోవచ్చు. మీకు అమ్మినాయన రకం మార్చి చెప్పి ఉంటాడు. ఈ ఆర్డర్‌ను 1942 మే 20న స్థాపించారు. యుద్ధకాలపు మొదటి తరగతి బంగారం, వెండి కలిపి చేసింది. 1985లో విజయానికి నలభయ్యేళ్లయిన సందర్భంగా, అప్పటికి బతికున్న యోధులకు మళ్లీ లక్షల సంఖ్యలో ఇచ్చారు. అవి వెండి మీద బంగారు పూత.

రెంటికీ తేడా మధ్యలోని సుత్తి కొడవలి దగ్గర దొరుకుతుంది. యుద్ధకాలపు దాంట్లో అది వేరే ముక్క, రివెట్లతో బిగించారు. భూతద్దంలో దాని అంచు కింద సన్నటి సందు కనిపిస్తుంది. 1985 దాంట్లో మొత్తం ఒక్క దెబ్బతో అచ్చు కొట్టారు, సందు ఉండదు. మీ దాంట్లో సందు లేకపోతే అది నిఖార్సయిన 1985 ఆర్డరే. యుద్ధకాలపు ధర పెట్టి ఉంటే మాత్రం అమ్మినవారిని నిలదీయండి. 1985 ఆర్డర్‌కు మళ్లీ పూతవేసి, నంబరు అరగదీసి, యుద్ధకాలపుదిగా అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ సందు ఒక్కటే వాళ్ల బండారం బయటపెడుతుంది.

ప్ర: వెండి అవునో కాదో మా కంసాలి గీటురాయి మీద చూస్తానంటున్నాడు. చూపించొచ్చా?
– గుంటూరు

జ: వద్దు. గీటురాయి మీద గీసిన గీటు చిన్నదే, కానీ పతకం అంచు మీద అది శాశ్వతం. ఆమ్లం చుక్క మీనా మీద పడితే ఇక చెప్పక్కర్లేదు. పైగా వెండిపూత మందంగా ఉంటే గీటురాయి కూడా మోసపోతుంది. నీళ్లతో చూడండి, పతకానికి ఏమీ కాదు.

0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు కావాలి. మొదట పొడిగా తూచి రాసుకోండి. తర్వాత గాజు గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చెయ్యండి. పతకాన్ని సన్నని నైలాన్ దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా చేత్తో పట్టుకోండి. అంటుకున్న గాలి బుడగలు పోయేలా ఒకసారి ఆడించండి. ఇప్పుడు త్రాసు చూపించే గ్రాములే దాని ఘనపరిమాణం. పొడి బరువును దాంతో భాగించండి.

‘జా అత్వాగు’ బిళ్ల 37 మిల్లీమీటర్లు, బరువు సుమారు 27.9 గ్రాములు. నీళ్లలో 2.7 చూపిస్తే 10.3 వస్తుంది, అది 925 వెండి (వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి). అదే పరిమాణంలో జర్మన్ సిల్వర్‌తో (వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం) చేస్తే బరువు 23.6 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. బరువు సరిపోవాలని నకిలీ చేసేవాడు బిళ్లను మందంగా చేస్తే నీళ్లలో 3.2 చూపిస్తుంది. ఎటు తప్పించుకోబోయినా దొరికిపోతాడు.

రెండు జాగ్రత్తలున్నాయి. రేకు, రిబ్బన్ ఉన్న మెడల్‌కి ఈ పరీక్ష కుదరదు. దీనికోసం రింగు తెరవకండి. తెరిచిన రింగు కూడా సేకరణదారులకు అనుమానం పుట్టించే గుర్తే. విడి బిళ్ల దొరికినప్పుడు మాత్రమే చెయ్యండి. రెండోది, రెడ్ స్టార్‌కి ఈ లెక్క పనికిరాదు. దాని మీద మీనా ఎక్కువ, మీనా అంటే గాజు, తేలిక. అసలు రెడ్ స్టార్ కూడా పదికి చాలా తక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి అసలుదాన్ని నకిలీ అనుకుని తిప్పి పంపకండి.

ప్ర: మీనా కొత్తగా వేశారా, పాతదేనా ఎలా తెలుసుకోవాలి?
– కరీంనగర్

జ: అసలు మీనా గాజుపొడిని కొలిమిలో కరిగించి పోసింది. ఎరుపు లోపలికి దీపం పట్టి చూస్తే కెంపులా పారదర్శకంగా ఉండి, అడుగున లోహం మీది గీతలు కనిపిస్తాయి. దెబ్బ తగిలితే గాజులాగే గవ్వ ఆకారంలో పెచ్చు లేస్తుంది, అంచు పదునుగా ఉంటుంది. రిపేరు చేసేవాళ్లు వాడేది రంగు కలిపిన రెసిన్. అది కాస్త చీకటిగా, ప్లాస్టిక్ మెరుపుతో ఉంటుంది, మూలల్లో గుండ్రంగా పొంగుతుంది, బుడగలు ఉంటాయి, లోహపు అంచు మీదికి కొంచెం ఎక్కుతుంది. కనిపించని మూలలో సూది మొన మెల్లిగా ఆనిస్తే రెసిన్ మీద గుంట పడుతుంది, గాజు మీద జారుతుంది.

365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి ఒకటి కొనుక్కోండి, చవకే. చీకట్లో వెలుగు వేస్తే చాలా రెసిన్లు, గమ్‌లు పాలలా మెరుస్తాయి, పాత మీనా చీకటిగానే ఉంటుంది. నక్షత్రంలో ఒక చేయి మాత్రమే మెరిసిందంటే ఆ చేయి రిపేరయింది. అదే టార్చితో రిబ్బన్ దారాలు కూడా చూడొచ్చు. తెల్లదనం పెంచే రసాయనం కలిసిన ఇప్పటి దారం నీలంగా వెలుగుతుంది. రిబ్బన్ కొత్తదైతే పతకం నకిలీ అని కాదు. మాసిన రిబ్బన్ మార్చుకోవడం సైనికులకు మామూలే.

పెచ్చులేచిన మీనాను మాత్రం బాగుచేయించకండి. చిన్న పెచ్చుతో ఉన్న అసలు పతకమే, నిగనిగలాడే రిపేరు పతకం కన్నా మేలు. రిపేరు చూసిన కొనుగోలుదారుకి ‘ఇంకా ఏం దాచారో’ అనిపిస్తుంది.

ప్ర: నంబరు ఇస్తే ఆ పతకం ఏ సైనికుడిదో ఇంటర్నెట్‌లో దొరుకుతుందా?
– తిరుపతి

జ: నంబరుతో నేరుగా దొరకడం కష్టం. పేరుతో దొరుకుతుంది. రష్యా రక్షణశాఖ 2010లో ‘పోద్విగ్ నరోదా’, తర్వాత ‘పామ్యత్ నరోదా’ అనే ఉచిత వెబ్‌సైట్లు తెరిచింది. పోదోల్స్క్‌లోని సైనిక ఆర్కైవులో ఉన్న యుద్ధకాలపు ప్రదాన పత్రాల స్కాన్లు అందులో ఉన్నాయి. ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు రష్యన్ లిపిలోనే కొట్టాలి. ఎవరు, ఏ దళంలో, ఏ రోజు ఏం చేసినందుకు ఈ పతకం సిఫారసు అయిందో అందులో ఉంటుంది. గాయపడ్డ తోటివాణ్ని మోసుకొచ్చాడనో, తెగిన టెలిఫోన్ తీగను కాల్పుల మధ్య కలిపాడనో కమాండరు రాసిన నాలుగు వాక్యాలు చదివితే, చేతిలో ఉన్న వెండి ముక్క బరువు మారిపోతుంది.

పేరు తెలియాలంటే పతకంతోపాటు ‘ఓర్దెన్స్కాయా క్నీజ్కా’ అనే చిన్న పుస్తకం ఉండాలి. అందులో యజమాని పేరు, ఒక్కో పతకం పేరు, దాని నంబరు, తేదీ, ముద్ర ఉంటాయి. పుస్తకంలోని నంబరు, పతకం మీది నంబరు సరిపోతే సంతోషించకండి, అప్పుడే ఇంకా జాగ్రత్తగా చూడండి. పైన చెప్పిన నంబరు మార్పిడి జరిగేది సరిగ్గా ఇలాంటి జతల్లోనే. పుస్తకంలో ఆ వరస సిరా మిగతా వరసల సిరాకు భిన్నంగా ఉందా, ముద్ర సిరా కింద ఉందా పైన ఉందా, కాగితం ఆ ఒక్కచోట గోకినట్టు పలచబడిందా చూడండి. పుస్తకాన్ని కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే గోకిన చోటు తేలిపోతుంది.

ప్ర: మా అబ్బాయి రష్యాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. అక్కడి పాత సామాన్ల సంతలో కొనుక్కుని తెమ్మంటే చవకగా వస్తాయా?
– ఖమ్మం

జ: దయచేసి ఆ పని చెప్పకండి. సోవియట్ ప్రభుత్వ పురస్కారాలను అక్రమంగా కొనడం, అమ్మడం రష్యా నేరస్మృతి 324వ ఆర్టికల్ కింద నేరం. ఆర్డర్లు, యుద్ధ మెడల్స్ సంతలో బహిరంగంగా కనిపించినా, విమానాశ్రయంలో సంచిలో దొరికితే జవాబు చెప్పుకోవాల్సింది మీ పిల్లవాడే. చదువు మధ్యలో అలాంటి కేసు ఎందుకు? లెనిన్ బ్యాడ్జీలు, క్రీడల బ్యాడ్జీలు ప్రభుత్వ పురస్కారాలు కావు, వాటికి ఈ బాధ లేదు.

యూరప్, అమెరికాల్లో ఉన్న మన సేకరణదారులు అక్కడి వేలం సంస్థల దగ్గర బిల్లుతో కొంటారు. ఇక్కడికి తెప్పించుకునేటప్పుడు ఆ బిల్లు, ఫొటో, ‘సేకరణ వస్తువు’ అనే వివరణ పార్సిల్‌తో ఉండాలి. సుంకం ఎంతో ముందే కస్టమ్స్ ఏజెంటుని అడిగి లెక్కలో వేసుకోండి. ఇంకో సంగతి, మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పతకాలు పురావస్తువులు అవుతాయి. 1918లో మొదలైన తొలి ‘రెడ్ బ్యానర్’ ఆర్డర్లు ఇప్పటికే ఆ వయసుకి వచ్చాయి. అలాంటిది ఇక్కడ మీ దగ్గరుంటే మళ్లీ బయటికి పంపడం తేలిక కాదు.

ప్ర: ‘హీరో ఆఫ్ ద సోవియట్ యూనియన్’ బంగారు నక్షత్రం పాతిక వేలకు వస్తుందంటున్నారు. భారతీయులకు కూడా సోవియట్ పతకాలు ఇచ్చారా?
– వరంగల్

జ: ఆ నక్షత్రం 21.5 గ్రాముల 950 బంగారం. ఈ రోజు బంగారం ధరతో గుణించి చూడండి, అమ్మేది ఏమిటో తేలిపోతుంది. యజమాని రోజూ కోటుకి పెట్టుకోవడానికి చేయించుకున్న నమూనాలు కూడా ఉంటాయి కానీ, ‘దొరికింది’ అంటూ తిరిగే వాటిలో చాలావరకు కొత్తగా చేసిన ఇత్తడి.

భారతీయులకు ఇచ్చారు. 1984లో అంతరిక్షంలోకి వెళ్లిన రాకేశ్ శర్మగారికి ఈ బిరుదు వచ్చింది. ఆయన చదువుకున్నది హైదరాబాద్ సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో. అంతకు నలభయ్యేళ్ల ముందు, 1944లో, ఇరాన్ మీదుగా సోవియట్ సైన్యానికి సరుకు చేరవేసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లోని సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్‌లకు రెడ్ స్టార్ ఇచ్చారు. మన కుటుంబాల్లో ఎవరికైనా ఆ కోర్‌లో పనిచేసిన తాతలుంటే పాత కాగితాలు పారేయకుండా చూడండి.

ప్ర: స్టాలిన్ బొమ్మ ఉన్న మెడల్ ఒకటి ఉంది. ముఖం కుడివైపు తిరిగి ఉంది. పుస్తకంలో ఎడమవైపు ఉంది. అచ్చు తప్పా?
– అనంతపురం

జ: తప్పు కాదు, రెండు వేర్వేరు మెడల్స్. ఎడమకు తిరిగింది 1945 మే 9న స్థాపించిన జర్మనీ మీద విజయం మెడల్, కోటీ 49 లక్షల మందికి ఇచ్చారు. కుడికి తిరిగింది అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన జపాన్ మీద విజయం మెడల్, సుమారు 18 లక్షలు. ముఖం ఆయా యుద్ధరంగం ఉన్న దిక్కుకు తిప్పారంటారు. మీది తక్కువగా దొరికేదే. రెండూ ఇత్తడివి, 32 మిల్లీమీటర్లు. జర్మనీ మెడల్‌కి నారింజ, నలుపు చారల రిబ్బన్ ఉంటుంది. మీ దానికి ఆ రిబ్బన్ ఉంటే ఎవరో మార్చి తగిలించారన్నమాట.

ప్ర: వెండి మెడల్ నల్లబడింది. విభూతితో తోమితే తెల్లగా వస్తుందా? ఎలా భద్రపరచాలి?
– కాకినాడ

జ: విభూతి, చింతపండు, టూత్‌పేస్ట్, ఏదీ వద్దు. పూజ సామాన్లకు అవి సరే. పతకం మీద ఆ నలుపు ఎనభై ఏళ్లు పేరుకున్నది, అసలుదనానికి సాక్ష్యం. రెడ్ స్టార్ లాంటివాటిలో మధ్యలోని డాలు భాగాన్ని టంకశాలవాళ్లు కావాలనే నల్లబరిచేవారు కూడా. ఒకసారి తోమితే అది మళ్లీ రాదు, సైనికుడి బొమ్మ కూడా అరుగుతుంది. దుమ్ము పోవాలంటే మెత్తని పొడి కుంచె చాలు. చేతి చెమట తగలకుండా అంచులు పట్టుకోండి, లేదా నూలు గ్లవ్స్ వేసుకోండి.

మీ తీరంలో గాలి తేమ, ఉప్పు రెండూ శత్రువులే. మెత్తగా, వాసన వేసే ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. ఆ పీవీసీ నుంచి వచ్చే ఆవిరితో ఇత్తడి మెడల్స్ మీద పచ్చటి జిగురు పడుతుంది. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ కూడా గంధకం వదిలి వెండిని నల్లబరుస్తాయి. గట్టి పాలిథీన్ జిప్ కవరులో ఒక్కో పతకం విడిగా, దాంతోపాటు చిన్న సిలికా జెల్ పొట్లం పెట్టండి. జెల్ రంగు మారినప్పుడు ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. రిబ్బన్లున్న డబ్బాలో నాఫ్తలిన్ గోళీలు వద్దు. పురుగు రాకుండా ఆరునెలలకోసారి తెరిచి గాలి తగలనివ్వండి. ఆర్డర్ నట్టును ఒకేసారి బిగించి వదిలేస్తే తేమకు పట్టేసుకుంటుంది. తర్వాత తిప్పబోతే కాడ విరుగుతుంది. అందుకని నట్టు వదులుగా ఉంచి, పతకం పక్కనే అదే కవరులో పెట్టండి.